అంగుళం పైపు బయట అంగుళం ఉండదు

హైడ్రాలిక్ బెండర్‌లో వంచిన పైపు లోపలి వంపు దగ్గర నొక్కుకుపోతే అందరూ ముందు జాకీనే అనుమానిస్తారు. చాలాసార్లు జాకీ బాగానే ఉంటుంది. డైకి, అంటే పైపు కూర్చునే గాడి ఉన్న పోత దిమ్మకి, సరిపడని పైపు పెట్టడమే అసలు తప్పు.

డై మీద 1 అని పోతపోసి ఉంటే అది పైపు లెక్కలో అంగుళం. ఆ అంగుళం పేరుకే, బయట వెర్నియర్ పెడితే 33.4 మి.మీ. వస్తుంది. అరంగుళం పైపు బయట 21.3, ముప్పావు 26.7, అంగుళంపావు 42.2, అంగుళన్నర 48.3, రెండంగుళాలది 60.3. కుర్చీలకీ రెయిలింగులకీ వాడే ట్యూబు లెక్క వేరు. దానికి బయటి కొలతే పేరు, కాబట్టి అంగుళం ట్యూబు బయట సరిగ్గా 25.4 మి.మీ. దాన్ని అంగుళం డైలో కూర్చోబెడితే పక్కకి నాలుగేసి మిల్లీమీటర్ల ఖాళీ. ర్యామ్ (జాకీలోంచి బయటికి వచ్చి డైని తోసే కడ్డీ) తోసేకొద్దీ ట్యూబు ఆ ఖాళీలోకి పరుచుకుని కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, ఆ తర్వాత మడత పడిపోతుంది. ముప్పావు డైలో పెట్టినా 1.3 మి.మీ. వదులు మిగులుతుంది. పల్చటి ట్యూబుకి అదీ ఎక్కువే. చదరపు ట్యూబునైతే గుండ్రటి డైలో పెట్టనే వద్దు.

తర్వాత చూడాల్సింది గోడ మందం. డై వ్యాసార్థం పైపు వ్యాసానికి నాలుగు రెట్లుంటే వంపు బయటి వైపు గోడ దాదాపు 12.5 శాతం సాగాలి, లోపలి వైపు సుమారు అంతే కుదించుకోవాలి. మూడు రెట్లయితే అది 17 శాతానికి చేరుతుంది. మందపాటి గోడ కుదించుకుని ఇంకాస్త బలుస్తుంది, పల్చటిది ముడుచుకుపోతుంది. బయటి కొలతను మందంతో భాగించి చూడండి. అంగుళం షెడ్యూల్ 40 (గోడ మందాన్ని బట్టి పెట్టిన తరగతి) పైపు గోడ 3.38 మి.మీ., అంటే సుమారు 10. ఇలాంటి ర్యామ్ బెండర్‌కి అది నిశ్చింతగా వంగే పైపు. అదే బయటి కొలతలో 1.6 మి.మీ. గోడ తీసుకుంటే లెక్క 21కి పోతుంది, లోపల ఆనిక లేకుండా అది నిలవదు. తప్పనిసరైతే పొడి ఇసుక దట్టించి, రెండు చివరలా గట్టిగా బిరడా కొట్టి వంచవచ్చు. కొంత మేలే గానీ, పూర్తి భరోసా అని మాత్రం అనుకోవద్దు. జీఐ, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపుకి బయటి వంపు మీద జింకు పొలుసులుగా లేచే అవకాశం ఉంది. దాన్ని వేడిచేసి వంచాలని చూడకండి, జింకు పొగ పీలిస్తే జ్వరం పట్టుకుంటుంది.

కోత కొలత దగ్గర చాలా పైపు వృథా అవుతుంది. 90 డిగ్రీల వంపుకి రెండు కాళ్ల (వంపుకి అటూ ఇటూ ఉండే భాగాల) పొడవూ మూల దాకా, పైపు నడిమధ్య గీత మీద కొలిచి కూడండి. అందులోంచి వంపు వ్యాసార్థంలో 0.43 వంతు తీసేయండి. వ్యాసార్థం 134 మి.మీ. అయితే 58 మి.మీ. తగ్గుతుంది. వంపు నడిమి గుర్తు మొదటి కాలి కొలత కంటే వ్యాసార్థంలో 0.215 వంతు, అంటే 29 మి.మీ. ముందే పడాలి. ఆ గుర్తు డై నడుమకి ఎదురుగా రావాలి.

వెల్డు గీతని పైకో కిందకో తిప్పండి, అంటే వంపుకి లోపలా బయటా కాకుండా పక్కన ఉండాలి. అక్కడ గోడ సాగదు, కుదించుకోదు. పైపు ఆనుకునే రోలర్లని పట్టి ఉంచే పిన్నులు రెండూ ఆ సైజుకి గుర్తు వేసిన, నడిమి నుంచి సమానమైన రంధ్రాల్లో, బెండర్ పై రెక్క (పలక) నుంచి కింది రెక్క దాకా పూర్తిగా దిగాలి. ఒకటి పక్క రంధ్రంలో పడితే వంపు ఓరగా వస్తుంది, పిన్ను కూడా వంగుతుంది. రిలీజ్ వాల్వు బిగించి నిదానంగా కొట్టండి. పైపు లొంగడం మొదలైనప్పుడు హ్యాండిల్ బరువు నిలకడగా ఉంటుంది. ఉన్నట్టుండి తేలికైతే పైపు లోపలివైపు ముడుచుకుంటోందని అర్థం, అక్కడే ఆపేయండి. బరువెక్కిందని హ్యాండిల్‌కి పొడుగు పైపు తొడగొద్దు. డైకి ఎదురుగా నిలబడొద్దు.

వదిలాక పైపు కొన్ని డిగ్రీలు వెనక్కి వస్తుంది. ఎంతన్నది పైపుని బట్టి ఉంటుంది కాబట్టి అదే లాటులోంచి ఒక ముక్క ముందు వంచి చూసుకోవాలి. స్టెయిన్‌లెస్ ఎక్కువ వెనక్కి వస్తుంది. కాస్త తక్కువలో ఆపి, వదిలి, మూలమట్టం పెట్టి చూసి మళ్లీ తోయడం మేలు. ఎక్కువ వంగినదాన్ని వెనక్కి తీయడం కష్టం. డైలో పైపు ఇరుక్కుంటే చెక్క సుత్తితో పైపు చివరన కొట్టండి. పోత డై మీద ఇనుప సుత్తి పడితే పగులుతుంది.

ఆయిల్ కొలత ర్యామ్ పూర్తిగా లోపలికి వెళ్లాకే చూడాలి. బయటికి ఉండగా నింపితే వెనక్కి వచ్చే నూనెకి చోటు ఉండదు. తయారీదారు చెప్పిన గ్రేడు హైడ్రాలిక్ ఆయిలే పోయండి. బ్రేక్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి చెడిపోతాయి. హ్యాండిల్ మెత్తగా దిగుతుంటే లోపల గాలి చేరింది. రిలీజ్ వాల్వు తెరిచి పది పదిహేనుసార్లు గబగబా కొట్టి, మూసి చూడండి. ర్యామ్ దానంతటదే వెనక్కి జారుతుంటే చాలావరకు వాల్వు కూర్చునే చోట చెత్త చేరి ఉంటుంది, ఆయిల్ మార్చి శుభ్రం చేయాలి. ర్యామ్ చుట్టూ నూనె చెమ్మ కనిపిస్తే సీలు మార్చే ముందు ర్యామ్ మీద గోరు నడపండి. గీతో తుప్పో తగిలితే కొత్త సీలు కూడా త్వరగానే కోసుకుపోతుంది. అందుకే పని అయ్యాక ర్యామ్ తుడిచి, పూర్తిగా లోపలికి పంపి ఉంచాలి.