ముందు ఊరి పటం, తర్వాతే పనుల చిట్టా

2023 జనవరిలో కామారెడ్డి, జగిత్యాల రైతులు ఏ నేలను దేనికి వాడాలో చెప్పే మాస్టర్ ప్లాన్ ముసాయిదాల మీద రోడ్డెక్కారు. తమ పొలాలు ఏ జోన్‌లో పడ్డాయో చాలామందికి పటం బయటికొచ్చాకే తెలిసింది. చివరికి రెండు మున్సిపల్ కౌన్సిళ్లూ ఆ ముసాయిదాలను రద్దు చేయాలని తీర్మానించాయి. అభ్యంతరాలు చెప్పుకోవడానికి చట్టం గడువిస్తుంది, నిజమే. కానీ రంగులన్నీ నింపిన పటం ముందుపెట్టి ‘ఏమంటరు?’ అని అడిగితే జనానికి మిగిలేది అవుననడమో, కాదని కొట్లాడడమో. ఊరి వచ్చే ఇరవై ఏండ్ల సంగతి మాట్లాడేటప్పుడు జనాన్ని కాగితం తెల్లగా ఉన్ననాడే పిలవాలి. ఏటా గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక రాసే సర్పంచులకు, కార్యదర్శులకు, సంఘాల వాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఊరి పటాన్ని నేల మీద ముగ్గుతో గీయడం మొదలుపెట్టండి. బడి ఆవరణలోనో బొడ్రాయి దగ్గరో ఇరవై అడుగుల చదరం నేల ఊడ్చి పెట్టుకుంటే చాలు. మూడు కిలోల ముగ్గు, కొంత ఇటుకపొడి, బొగ్గుపొడి, గులకరాళ్లు, వేపాకు. ముందు దిక్కులు, తర్వాత చెరువు కట్ట, తూము, చెరువు నిండితే నీళ్లు పొర్లే మత్తడి, మత్తడి దుంకిన నీళ్లు పోయే దారి. బాటలు ఆ తర్వాత, వాడలు, తండా అన్నిటికన్నా చివర. ఇండ్లతో మొదలుపెడితే ప్రతి ఒక్కరూ తమ ఇల్లు వెతుక్కుంటారు, గంట గడిచినా పటం ముందుకు సాగదు. నీళ్లతో మొదలుపెడితే ఊరి ఎత్తుపల్లాలు అందరికీ ఒక్కసారే కనబడతాయి. ముగ్గు డబ్బా ఆడవాళ్ల చేతికివ్వండి. కార్యదర్శి గీస్తే అది కార్యదర్శి పటమే అవుతుంది, మిగతావాళ్లు చేతులు కట్టుకుని నిలబడి చూస్తారు.

శిఖం, అంటే చెరువు నీళ్లు నిలిచే నేల, దాని హద్దు దగ్గర గొడవ తప్పదు. శిఖంలో దున్నుకునేవాళ్లు, ప్లాట్లు కొన్నవాళ్లు ఆ గుంపులోనే ఉంటారు. అక్కడ తీర్పు చెప్పబోవద్దు. ఇద్దరు చెప్పిన రెండు గీతలూ గీసి, తర్వాత రెవెన్యూ నక్షాతో పోల్చుకుంటామని అందరి ముందూ చెప్పి ముందుకు కదలాలి. తేల్చేదాకా ఆగితే సభ అక్కడే చెదురుతుంది.

నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయన్నది ఇటుకపొడితో వేయించండి. ఇది చెరువు నీళ్లు చూసుకునే నీరటిని, ముసలివాళ్లను అడగాల్సిన మాట. 2023 జూలై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. అదే రోజు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచెత్తితే జనం మిద్దెలెక్కి హెలికాప్టర్ల కోసం ఎదురుచూశారు. అంత వాన మళ్లీ పడితే ముందు ఏ గడప మునుగుతుందో ఊరివాళ్లే వేలుపెట్టి చూపగలరు. ఆ ఎర్రగీత లోపల అంగన్‌వాడీ, కొత్త ఇండ్ల స్థలాలు, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొద్దన్నది దీర్ఘకాల ప్రణాళికలో మొదటి తీర్మానం కావాలి. పటాన్ని అదే రోజు ఫొటో తీసి చార్టు మీదికి ఎక్కించండి, తెల్లారేసరికి ముగ్గు మిగలదు. మరునాడు పొద్దున పది మంది ఎత్తు నుంచి పల్లం దాకా నడిచి సరిచూడాలి.

పటం అయ్యాక ఒక లెక్క. మిషన్ భగీరథ పల్లెలకు పెట్టుకున్న లక్ష్యం మనిషికి రోజుకు 100 లీటర్లు. రెండు వేల మంది ఉన్న ఊరికి అది రెండు లక్షల లీటర్లు. వాడిన నీళ్లలో దాదాపు 80 శాతం మురుగుగా బయటికి వస్తుందని ఇంజనీర్లు లెక్కగడతారు. అంటే రోజుకు లక్షా అరవై వేల లీటర్లు. అవి ఎటు పోతున్నాయో ముగ్గు పటం మీద చూపించమనండి. చాలా ఊర్లలో ఆ గీత కుంటలోకో, ఊరి చివరి వాడలోకో పోయి ఆగుతుంది. ఆ చివరి వాడ ఎవరిదో ఊరందరికీ తెలుసు, కాగితం మీద మాత్రం ఉండదు. ఊరు పెరిగితే ఈ లెక్క ఎంతవుతుందని అడిగితే ఇంకుడు గుంతలు, మోరి (మురుగు కాలువ) వాలు, కుంట కాపాడుకోవడం అనే మాటలు జనమే అంటారు.

ఈ లెక్క చెప్పకుండా ‘మీకేం కావాలె?’ అంటే వచ్చే జవాబు ఒక్కటే, సీసీ రోడ్డు. కనబడే పని కాబట్టి నాయకులకూ ఇష్టమే. కానీ పైపు, మోరి, ఆ తర్వాత రోడ్డు అనే వరుస తప్పితే ఏడాది తిరగకముందే కొత్త రోడ్డు పగలగొట్టాలి. పాత రోడ్డు తీయకుండా దాని మీదే ఇంకో ఆరు అంగుళాలు పోస్తే గడపలు రోడ్డు కిందికి పోయి వాన నీళ్లు ఇంట్లోకి వస్తాయి. పైసల సంగతి కూడా దాచొద్దు. 15వ ఆర్థిక సంఘం 2021-26 గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టిపెట్టింది. ఆ లెక్కన పది లక్షల్లో ఆరు వాటికే పోయేవి. ఇలా కట్టిపెట్టిన వాటా ఇప్పుడు ఎంతో గోడ మీద రాసిపెడితే కోరికలు వాటంతటవే సర్దుకుంటాయి.

ఏది ముందన్నది చేతులెత్తించి తేల్చొద్దు. ఎవరు ఎవరి పొలంలో కూలికి పోతారో అందరికీ తెలిసిన చోట ఎత్తిన చెయ్యి స్వేచ్ఛగా లేవదు. మనిషికి పది చింతగింజలిచ్చి, ఒక్కో పనికి బొమ్మ అతికించిన ముంత పెట్టి, ఎవరూ చూడకుండా గింజలు వేసేలా ముంతలను తలుపు వెనక ఉంచండి. ఆడవాళ్లవి, మగవాళ్లవి వేరువేరుగా లెక్కించి రెండు వరుసలూ సభలో చదవాలి. అవి తేడాగా వస్తే కలిపి సగటు తీయకండి, తేడా ఎందుకొచ్చిందో మాట్లాడించడంలోనే అసలు ప్రణాళిక ఉంది.

సభకు రానివాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. మిరప ఏరే రోజుల్లో పొద్దున పదకొండు గంటలకు సభ పెడితే కూలి ఆడవాళ్లు రారు, రాలేరు. వాళ్ల దగ్గరికే పోవాలి: పొదుపు మహిళల గ్రామ సంఘం మీటింగుకు, ఉపాధి హామీ పని కాడికి, తండాకు సాయంత్రం పూట. నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ వైపు గ్రామాభివృద్ధి కమిటీలు చందాలు వసూలు చేసి పనులు చకచకా చేయిస్తాయి, ఆ ఊపును కాదనలేం. అయితే వాటికి పంచాయతీరాజ్ చట్టంలో చోటు లేదు, ఆడవాళ్లు కనబడరు, మాట వినని కుటుంబాల మీద జరిమానాలు, బహిష్కరణల ఫిర్యాదులు పోలీసుల దాకా వెళ్లాయి. ఊరి భవిష్యత్తు వాటి చేతుల్లో పెట్టి ఊరంతా పాల్గొన్నదని రాసుకోవడం తప్పు. గీసుగొండ మండలం గంగదేవిపల్లి ఒక్కో పనికి ఒక్కో జనం కమిటీ వేసుకుని, పంచాయతీతో కలిసే నడిచి పేరు తెచ్చుకుంది.

ఇక తీర్మానం. ‘డ్రైనేజీ అభివృద్ధి చేయుటకు’ అని రాస్తే ఆ పైసలు ఏ వాడకైనా పోతాయి. ‘మాదిగవాడ బోరింగు నుంచి పెద్దకుంట కాలువ దాకా 180 మీటర్ల మోరి’ అని రాస్తే ఎవరైనా టేపు పట్టి కొలుచుకోవచ్చు. రాసింది గట్టిగా చదివాకే సంతకాలు, వేలిముద్రలు. ఖాళీ రిజిస్టర్ మీద ముందే తీసుకున్న సంతకంతో ఏదైనా రాయొచ్చు. ఒప్పుకోనివాళ్ల మాట కూడా రెండు వరుసలు రాయాలి. సర్పంచ్ పదవి ఐదేండ్లే, ప్రణాళిక ఇరవై ఏండ్లది. కాబట్టి పటం, ముంతల లెక్క, తీర్మానాల నకలు పంచాయతీతో పాటు బడిలో ఒకటి, గ్రామ సంఘంలో ఒకటి ఉంచండి. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. ప్రతి సభలో మొదటి పావుగంట పోయినసారి తీర్మానాలు చదివి అయింది, కాలేదు, ఎందుకు కాలేదు అని చెప్పించాలి. కొత్త పని ఏదీ అంతకుముందు ఎత్తకూడదు.