విరమణ పత్రం ముందే సిద్ధంగా ఉండాలి: రష్యా–ఉక్రెయిన్ యుద్ధం గురించి

రష్యా–ఉక్రెయిన్ యుద్ధంలో కాల్పుల విరమణ దగ్గరపడిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ నేను ఆ వార్తలో నాలుగు సంగతుల కోసం వెతుకుతాను: సైన్యాలు ఏ గీత దగ్గర ఆగుతాయి, ఆ గీతకు ఎవరు కాపలా ఉంటారు, మాట తప్పినవారికి ఏం జరుగుతుంది, యుద్ధఖైదీలు ఎప్పటికి ఇళ్లు చేరతారు. 2022 ఫిబ్రవరి 24న దండయాత్ర మొదలైన నాటి నుంచి ఎన్నో సమావేశాలు జరిగాయి, ఎన్నో ప్రకటనలు వెలువడ్డాయి. కానీ ఈ నాలుగింటికీ జవాబు చెబుతూ ఇరుపక్షాలూ సంతకం చేసిన పత్రం మాత్రం నేటికీ లేదు.

బెంగళూరులో ఉండే తెలుగువాళ్లకు ఇది ఎక్కడో జరుగుతున్న పరాయి యుద్ధం కాదు. 2022 మార్చి 1న ఖార్కివ్‌లో దాడికి బలైన వైద్య విద్యార్థి కర్ణాటక పిల్లవాడే. ఆపరేషన్ గంగ విమానాల్లో తిరిగివచ్చిన వేలాది విద్యార్థుల్లో మన పిల్లలు ఎందరో ఉన్నారు. ఆ తరువాత ఉద్యోగాల ఆశతో వెళ్లి రష్యా సైన్యంలో చిక్కుకుపోయినవారిలో కర్ణాటక, తెలంగాణ యువకులు కూడా ఉన్నారు. మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్‌లోనే ఒక నెల్లూరు కుటుంబం ఉంది. వాళ్ల అబ్బాయి వైద్యవిద్య మధ్యలో ఉక్రెయిన్ వదిలి వచ్చి, మిగిలిన చదువు మరో దేశంలో పూర్తిచేయవలసి వచ్చింది. వాళ్ల నాన్నగారు కనబడినప్పుడల్లా, "ఏమండీ, ఈసారైనా ఆగుతుందంటారా?" అని అడుగుతారు. అవుననో కాదనో ఒక్క మాటలో తేల్చగలిగిన ప్రశ్న కాదది.

ముందుగా చిక్కుముడి ఎక్కడుందో చూడాలి. మొదట కాల్పులు ఆపుదాం, ఆ తరువాత మిగతా విషయాలు మాట్లాడుకుందాం అన్నది ఉక్రెయిన్ వాదన. 2025 మార్చి 11న జెడ్డాలో అమెరికా ప్రతిపాదించిన 30 రోజుల విరమణకు ఆ దేశం ఒప్పుకున్నది కూడా ఈ లెక్కతోనే. రష్యా దానికి ఎదురు వరుసలో మాట్లాడుతోంది. దొనెట్స్క్, లుహాన్స్క్, జపోరిజియా, ఖేర్సన్ ప్రాంతాల నుంచి ఉక్రెయిన్ సేనలు పూర్తిగా వెళ్లిపోవాలని, నాటోలో చేరే ఆలోచన మానుకోవాలని, అప్పుడే కాల్పులు ఆపుతామని పుతిన్ 2024 జూన్ 14న బాహాటంగా చెప్పారు. నెమ్మదిగానైనా ముందుకు కదులుతున్న సైన్యానికి యుద్ధమే బేరం ఆడే బలం. దాన్ని ముందే వదులుకుంటే తరువాత అడగడానికి ఏమీ మిగలదన్నది మాస్కో భయం. ఆపకపోతే దేశమే మిగలదన్నది కీవ్ భయం. ఈ రెండింటినీ సమానంగా తూచాలని నాకు అనిపించదు. దండెత్తిన దేశం ఏదో, దండయాత్రకు గురైన దేశం ఏదో స్పష్టంగా తెలుస్తున్నప్పుడు అటువంటి తూకం న్యాయం కాదు.

దీనికి తోడు చట్టాల సంకెళ్లు ఉన్నాయి. 2022 సెప్టెంబరు 30న రష్యా ఆ నాలుగు ప్రాంతాలనూ తనలో కలుపుకున్నట్టు ప్రకటించి రాజ్యాంగంలో చేర్చుకుంది. అందులో తన చేతిలో లేని జపోరిజియా నగరం కూడా ఉంది, నవంబరులో తన సేనలే ఖాళీ చేసి వెళ్లిన ఖేర్సన్ నగరమూ ఉంది. మరోవైపు, దేశ సరిహద్దు మారాలంటే దేశమంతటా ప్రజాభిప్రాయ సేకరణ జరగాలని ఉక్రెయిన్ రాజ్యాంగంలోని 73వ అధికరణం చెబుతోంది. కాబట్టి భూమి ఎవరిదన్న ప్రశ్న తేలిన తరువాతే తుపాకులు దించుతామంటే ఈ తరంలో అవి దిగవు. మన ఊళ్లలో పొలం తగాదా కోర్టుకెక్కినప్పుడు హక్కు ఎవరిదో తేల్చకముందే యథాతథ స్థితి ఉత్తర్వు ఇస్తారు. ఆ ఉత్తర్వు ఎవరికీ పట్టా ఇవ్వదు, కర్రలు పట్టుకుని గట్టు మీదికి రావద్దని మాత్రమే అంటుంది. ఇక్కడ సాధ్యమయ్యే విరమణ కూడా అటువంటిదే అయివుండాలి.

అయితే అటువంటి విరమణను ఒకసారి ప్రయత్నించి చేతులు కాల్చుకున్న దేశం ఉక్రెయిన్. తూర్పు ఉక్రెయిన్‌లో రష్యా అండ ఉన్న వేర్పాటువాదులతో సాగుతున్న పోరును ఆపడానికి 2014 సెప్టెంబరులో మొదటి మిన్స్క్ ఒప్పందం కుదిరి అయిదు నెలలు తిరగకుండానే పెద్ద ఎత్తున పోరు మళ్లీ రాజుకుంది. 2015 ఫిబ్రవరి 12న రెండవది కుదిరింది. 15వ తేదీ నుంచి కాల్పులు ఆగాలని అందులో ఉంది, కానీ దెబాల్త్‌సేవ్ పట్టణం చుట్టూ పోరు ఆగలేదు, 18వ తేదీకల్లా ఆ పట్టణం చేజారిపోయింది. మొత్తం 13 అంశాలున్న ఆ పత్రంలో ఎన్నికలు, రాజ్యాంగ సవరణ, సరిహద్దు మీద అధికారం వంటి పెద్ద పెద్ద మాటలన్నీ ఉన్నాయి. మాట తప్పితే ఏం చేయాలో మాత్రం లేదు. ఐరోపా భద్రత, సహకార సంస్థ పంపిన పర్యవేక్షకులు నిరాయుధులు. పేలిన ప్రతి గుండునూ వాళ్లు శ్రద్ధగా నమోదు చేశారు. పేలకుండా ఆపే అధికారం వాళ్లకు లేదు. పంట కోతల కోసం ఒక విరమణ, బడులు తెరిచే వేళకు ఒక విరమణ, కొత్త సంవత్సరానికి మరొకటి ప్రకటించారు. అన్నీ కొద్ది రోజుల్లోనే కాగితానికి పరిమితమయ్యాయి.

వాటిలో 2020 జులై 27న మొదలైనది మాత్రం కొంతకాలం చెప్పుకోదగినంతగా నిలిచింది. గూఢచర్య చొరబాట్లు వద్దని, డ్రోన్లు ఎగరవేయవద్దని, స్నైపర్ కాల్పులు జరపరాదని, ఉల్లంఘించిన సైనికుడిపై క్రమశిక్షణ చర్య తీసుకోవాలని అందులో విడివిడిగా రాసుకున్నారు. మనసులు మారకపోయినా, వివరంగా రాసుకున్నందువల్ల కొన్ని నెలలపాటు కొందరి ప్రాణాలు నిలిచాయి. నాకు ఇది చిన్న సంగతిగా కనబడదు.

వివరంగా రాసుకోవడమంటే ఏమిటో కొరియా యుద్ధాన్ని ఆపిన ఒప్పందం చూపింది. అక్కడ చర్చలు 1951 జులైలో మొదలైతే సంతకాలు 1953 జులై 27న జరిగాయి. ఆ రెండేళ్లూ ఒకే గుట్ట కోసం సైనికులు మళ్లీ మళ్లీ చనిపోతూనే ఉన్నారు. గీత ఎక్కడ అన్నది చాలావరకు మొదటి సంవత్సరంలోనే తేలింది. ఖైదీల దగ్గర చర్చలు ఆగిపోయాయి: స్వదేశానికి తిరిగి వెళ్లబోమన్నవాళ్లను బలవంతంగా పంపాలా, వద్దా? 1952లో ఐక్యరాజ్యసమితిలో వి.కె. కృష్ణమీనన్ భారతదేశం తరఫున దీనికొక మార్గం సూచించారు. చైనా, సోవియట్ యూనియన్ దాన్ని తోసిపుచ్చాయి. 1953 మార్చి 5న స్టాలిన్ మరణించారు; ఆ వైపు వైఖరి మెత్తబడగానే, తోసిపుచ్చిన సూచనకు దగ్గరగా ఉన్న ఏర్పాటే ఒప్పందంలో చేరింది. రాజకీయ సంకల్పం వచ్చేనాటికి పత్రం బల్ల మీద సిద్ధంగా ఉంది. ఇరాన్–ఇరాక్ యుద్ధంలోనూ ఇంతే: భద్రతా మండలి 598వ తీర్మానం 1987 జులైలో వెలువడింది, ఇరాన్ ఏడాదిపాటు దాన్ని అంగీకరించలేదు, చివరికి 1988 ఆగస్టు 20న తుపాకులు ఆగినప్పుడు ఆ తీర్మానమే ఆధారమైంది.

కొరియా ఒప్పందంలో 63 పేరాలున్నాయి, పటాలున్నాయి, ఒక్కొక్క వైపూ 2 కిలోమీటర్లు వెనక్కి జరగాలన్న లెక్క ఉంది. ఖైదీల సంగతి చూడడానికి ఏర్పడిన తటస్థ దేశాల సంఘానికి అధ్యక్షుడు మన జనరల్ తిమ్మయ్య. మడికేరిలో పుట్టి, బెంగళూరు బిషప్ కాటన్ బడిలో చదివిన మనిషి ఆయన. మనం రోజూ రిచ్‌మండ్ రోడ్డు అంటూ తిరిగే దారికి ఆయన పేరే ఉంది, కానీ ఆయన కొరియాలో చేసిన పని ఈ నగరంలో ఎంతమందికి తెలుసునోనని నాకు బాధగా ఉంటుంది. రెండు వైపుల నుంచీ నిందలు పడుతూ, 22 వేలకు పైగా ఖైదీల బాధ్యతను భారత సైనికులు మోశారు. ఏ వైపూ వెళ్లబోమన్న 88 మంది చివరికి మన సైనికులతోపాటు భారతదేశానికే వచ్చారు.

ఆ ఒప్పందం మీద దక్షిణ కొరియా సంతకం చేయలేదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఆ దేశాన్ని ఊరుకోబెట్టింది 1953 అక్టోబరులో అమెరికాతో కుదిరిన పరస్పర రక్షణ ఒడంబడిక. నేడు జెలెన్‌స్కీ భద్రతా హామీల గురించి అన్నిసార్లు అడగడంలో మొండితనమేమీ లేదు. 1994లో బుడాపెస్టులో అణ్వాయుధాలు వదులుకుని ఉక్రెయిన్ తెచ్చుకున్న హామీల విలువ ఎంతో 2014లో రష్యా క్రిమియాను ఆక్రమించినప్పుడే తేలిపోయింది. విరమణ కుదిరాక కాపలాకు బ్రిటన్, ఫ్రాన్స్ ముందుండి సైన్యాన్ని పంపుతామంటున్నాయి, నాటో దేశాల సైనికుడు ఉక్రెయిన్‌లో అడుగు పెట్టరాదని రష్యా అంటోంది. నా అంచనాలో భూమి కంటే గట్టి ముడి ఇదే.

కొరియాతో పోలిక ఒకచోట సరిపోదు. నేటి యుద్ధరేఖ వెయ్యి కిలోమీటర్లకు పైగా ఉంది; డ్రోన్ల మూలంగా దానికి రెండు వైపులా పది కిలోమీటర్లకు మించి మనిషి బయట తిరగలేని పరిస్థితి ఉంది. 2 కిలోమీటర్లు వెనక్కి జరిగితే ఇక్కడ ఏ ప్రయోజనమూ ఉండదు. అదే సమయంలో, మిన్స్క్ నాటి పర్యవేక్షకులకు లేని కళ్లు ఇప్పుడు ఉపగ్రహాల రూపంలో, డ్రోన్ల రూపంలో విస్తారంగా ఉన్నాయి. ఎవరు ముందు కాల్చారన్నది దాచడం మునుపటికన్నా కష్టం.

దగ్గరలో పూర్తి విరమణ వస్తుందని నేను అనుకోవడం లేదు. 2025 ఆగస్టు 15న అలాస్కాలో ట్రంప్, పుతిన్ కలిసినా విరమణ లేకుండానే విడిపోయారు. అదే ఏడాది ఈస్టరుకు ప్రకటించిన 30 గంటల విరామం కూడా పరస్పర ఆరోపణలతో ముగిసింది. కానీ చిన్న ఏర్పాట్లు నిలుస్తున్నాయి. 2022 జులైలో ఇస్తాంబుల్‌లో కుదిరిన నల్లసముద్రపు ధాన్యం ఒప్పందం ఏడాదిపాటు నడిచి, 3 కోట్ల టన్నులకు పైగా తిండిగింజలను, నూనెలను ఓడలకెక్కించింది. 2025 మేలో మూడు రోజుల్లో వెయ్యికి వెయ్యి మంది ఖైదీలు ఇళ్లకు చేరారు. ఆ అక్టోబరులో జపోరిజియా అణు విద్యుత్ కేంద్రానికి తెగిపోయిన కరెంటు లైన్లను బాగుచేయడానికి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ మధ్యవర్తిత్వంతో అక్కడివరకు కాల్పులు ఆపారు, పని పూర్తయింది. ఈ పద్ధతిని విద్యుత్ కేంద్రాలకు, ఓడరేవులకు, ఆసుపత్రులకు ఒక్కొక్కటిగా విస్తరింపజేయడం ఇప్పుడే చేయదగిన పని.

ఆ పనిలో మన దేశానికి పాత్ర ఉందని నమ్ముతాను. 2024లో ప్రధాని జులైలో మాస్కోకు, ఆగస్టులో కీవ్‌కు వెళ్లారు. రెండు చోట్లా తలుపు తెరుచుకునే దేశాలు ఎక్కువ లేవు. నాటో సైనికుడిని రష్యా ఒప్పుకోదు, ఉత్త హామీని ఉక్రెయిన్ ఒప్పుకోదు కాబట్టి, మధ్యలో నిలబడే పర్యవేక్షకుల్లో కొందరు మన సైనికులు కావచ్చు. దానికి సిద్ధమని భారతదేశం తనంతట తాను చెప్పాలి. మా నెల్లూరు ఆయనకు ఈ వారం నేను చెప్పిన జవాబు ఇది: నాయకులు కలిసిన రోజున ఆశ పెట్టుకోకండి, రెండు సైన్యాల అధికారులు పటాలు ముందు పెట్టుకుని కూర్చున్నారని, పర్యవేక్షించే దేశాల పేర్లకు ఇద్దరూ ఒప్పుకున్నారని వార్త వచ్చిన రోజున పెట్టుకోండి.