'కావచ్చు' దొరికింది

సెప్టెంబర్ 9 కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం. హనుమకొండలో చిన్న కవి సమ్మేళనానికి నన్నూ పిలిచారు. అంశం 'సాధ్యం'. వారం ముందు ఓ రాత్రి కూర్చుని పన్నెండు పాదాలు రాశాను, ప్రతి పాదం చివర 'సాధ్యమే'. కొండ ఎక్కడం సాధ్యమే, కడలి దాటడం సాధ్యమే. వరంగల్‌లో కడలి ఎక్కడిది? పొద్దున చదివితే ఎన్నికల మైకులా ఉంది. చింపేశాను.

బతుకమ్మ గుర్తొచ్చింది. మా అత్తమ్మ పాట చెప్తుంటే అందరం 'ఉయ్యాలో' అనేవాళ్లం. ఆ మాట అయ్యేలోపు ఆమెకు తర్వాతి చరణం అందేది. మళ్లీ మళ్లీ వచ్చే మాట పాటకు ఊపిరి తీసుకునే జాగా. నా 'సాధ్యమే'కు అది లేదు. పైగా ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనరు.

మరి ఏమంటారు? ఆ సాయంత్రం పరకాల దగ్గర ఊళ్లో ఉన్న అమ్మకు ఫోన్ చేశాను.

"వాన పడ్డదా అమ్మా?"

"మబ్బైతె పట్టింది బిడ్డా. రాత్రికి పడ్తది కావచ్చు."

"బాపు ఏడీ?"

"పరకాలకు పోయిండు కావచ్చు."

ఒకటి ఆశ, ఒకటి ఊహ. మాట ఒక్కటే. పలుకుబడిలోనే రాయమన్న కాళోజీ పుట్టినరోజుకు ఇంతకంటే ఏం కావాలి?

'మబ్బు మేనమామ' అంటే రూపకం, రెండూ ఒకటేనని చెప్పేయడం. 'మేనమామ కావచ్చు' అంటే ఉత్ప్రేక్ష, అదేనేమోనని ఊహించడం. బళ్లో మార్కుల కోసం బట్టీ పట్టిన అలంకారం మా అమ్మ నోట్లో రోజూ ఉంటుందని అప్పుడే తెలిసింది.

ఈసారి ఎనిమిది 'కావచ్చు'లు పెట్టాను. గడియారం కొట్టినట్టుందన్నాడు దోస్తు. నిజమే. మూడే ఉంచి, చివర్లో ఆ మాట తీసేశాను:

పొడి దుక్కిలో పత్తి గింజ
తలుపెనక దాక్కున్న పిల్ల కావచ్చు
మబ్బు, బస్సు దొరకని మేనమామ కావచ్చు
వస్తాడు కావచ్చు
సందుక మీద మాత్రం
ఇంకో గింజల ప్యాకెట్ ఉంది

అమ్మకు చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు.

"సందుక మీద ఎక్కడిది బిడ్డా? ఎలుకలు కొడ్తయని దూలానికి కట్టిన గదా."

అక్కడ ఒక్కటీ దిద్దుకుని సమ్మేళనానికి వెళ్లాను.