హోల్డ్ మ్యూజిక్

పన్నెండు దాటింది. పడుకుందామంటే ఆ హోల్డ్ మ్యూజిక్ ఇంకా చెవిలోనే తిరుగుతోంది.

ఇక్కడ అమెరికాలో మా అత్తయ్యని చూసే డాక్టరుగారు రిటైరయ్యారు. కొత్త డాక్టరు కోసం పొద్దున్నుంచీ ఫోన్లే. నలభై నిమిషాలు హోల్డ్‌లో పెట్టి, ఆ అమ్మాయి ఏదో వరమిస్తున్నట్టు "కొత్త పేషెంట్లకు జనవరి 14 ఉంది, రాసుకోనా?" అంది. ఇది సెప్టెంబరు తల్లీ! బీపీ మాత్రలు ఇరవై రోజులకే ఉన్నాయి. రెండోచోట అసలు కొత్తవాళ్లని తీసుకోవట్లేదట. మూడోచోట మెషీన్ ఒకటి నొక్కమంది. నొక్కితే మళ్లీ మొదటికొచ్చింది.

నేనిలా మెషీన్‌తో పోట్లాడుతుంటే, పక్క సోఫాలో మా ఆడపడుచు కొడుకు బాబిగాడు వాళ్ల అమ్మమ్మ, అంటే మా అత్తయ్య, చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తున్నాడు. ఎంబీబీఎస్ అయింది, ఇక్కడి లైసెన్సు కోసం రాసే పరీక్షలు, స్టెప్పులంటారు, అవన్నీ పాసయ్యాడు. రెసిడెన్సీ, అంటే ఆస్పత్రిలో చేసే ట్రైనింగు సీటు, లేదు కాబట్టి లైసెన్సు లేదు, ఒక్క మాత్ర రాసే వీల్లేదు.

"అదంతా 97 పుణ్యం అత్తా" అన్నాడు రాత్రి చిక్కుడుకాయలు తుంచుతూ. 1997లో బ్యాలెన్స్‌డ్ బడ్జెట్ యాక్ట్ అని ఒకటి తెచ్చారట. 1996లో ఏ ఆస్పత్రిలో ఎంతమంది రెసిడెంట్లు ఉన్నారో, ఇకమీదట వాళ్ల ట్రైనింగుకి మెడికేర్ (పెద్దవాళ్లకి గవర్నమెంటు ఇచ్చే ఆరోగ్య బీమా) దాదాపు అంతమందికే డబ్బులిస్తుందని గీత గీశారు. అప్పట్లో డాక్టర్లు మరీ ఎక్కువైపోతారని భయంట! 2020 చివర్లో కనికరించి 1000 సీట్లు కలిపారు, అవీ ఏడాదికి 200 మించకుండా. 14,000 సీట్లు పెంచే బిల్లు ఒకటి కాంగ్రెస్‌లో, అంటే ఇక్కడి పార్లమెంటులో, మళ్లీ మళ్లీ పెడుతున్నారు, అది అక్కడే ఉంటుంది. మరి నా జీతంలో మెడికేర్ పేరుతో 1.45 శాతం ప్రతిసారీ కోస్తున్నారే, దానికి మాత్రం ఆలస్యం ఉండదు.

రెసిడెన్సీ సీటు వచ్చిందో లేదో మెయిల్‌లో చెప్పే మొన్న మార్చి సోమవారం గుర్తొచ్చింది. సేమ్యా వేయించి, పాలు మరగబెట్టి పెట్టుకున్నాను, మెయిల్ రాగానే పాయసం చేసేద్దామని. వాడు ఫోను చూసి ఏమీ అనలేదు. బల్లమీద బోర్లా పెట్టి, వెళ్లి చెత్తబుట్ట బయటపెట్టి వచ్చాడు. ఆరోజు చెత్తబండి వచ్చే రోజు కూడా కాదు. ఆ తర్వాత మిగిలిన సీట్లు రానివాళ్లకి ఇచ్చే రెండో విడత, సోప్ అంటారు, అది నాలుగు రోజులు. బాత్రూంలోకి కూడా ఫోను పట్టుకెళ్లాడు. ఎవరూ చెయ్యలేదు. శుక్రవారం వాడి ఫ్రెండ్స్ ఎక్కడ సీటొచ్చిందో చెప్పే కవర్లు పట్టుకుని దిగిన ఫొటోలకి ఒక్కొక్కదానికీ లైకులు కొడుతూ కూర్చున్నాడు. పాలు తోడుపెట్టేశాను.

ఇదంతా రాసి, తప్పంతా ఆ చట్టానిదేనని ముగిద్దామనుకున్నాను. కానీ అదే మార్చిలో ఫ్యామిలీ మెడిసిన్‌లో మొదటి విడతలో వందల సీట్లు నిండలేదు. వీడు దానికి అప్లై చెయ్యనే లేదు. ఎందుకు చెయ్యలేదంటే... ఫీజు కట్టింది నా కార్డుతో. అప్లై చేసే ప్రోగ్రాములు పెరిగేకొద్దీ ఫీజు పెరుగుతుంది. లిస్టు ప్రింటు తీసి, "ఇంటర్నల్ మెడిసిన్ చాల్లేరా" అని ఫ్యామిలీ మెడిసిన్ మొత్తం పెన్సిల్‌తో కొట్టేసింది నేనే. నార్త్, సౌత్ డకోటా రాష్ట్రాలు రెండూ కూడా. "ఆ చలిలో, ఆ పొలాల మధ్య ఏం చేస్తావురా?" అన్నాను. రెసిడెన్సీ చేసినవాళ్లలో సగం మందికి పైగా అది చేసిన రాష్ట్రంలోనే ప్రాక్టీసు పెడతారని వాడే చెప్పాడు. అక్కడ నాలాంటి కోడలు ఎవరో హోల్డ్‌లో ఉండే ఉంటుంది.

అలాగని చట్టానికి తప్పు లేదనీ అనలేను. పోటీ మామూలుగా లేదు, అవన్నీ పెట్టినా వీడికి వచ్చేదో లేదో.

ఇందాక పడుకోబోతూ "ఈసారి డకోటా పెట్టనా అత్తా?" అన్నాడు. రేపు చూద్దాంలే అన్నాను. ఎందుకలా అన్నానో.

అన్నట్టు, జనవరిలో డాక్టరుకి చూపించడానికి వాడు రోజూ అమ్మమ్మ బీపీ ఫ్రిజ్ మీది క్యాలెండర్‌లో రాస్తున్నాడు. ఇవాళ 148/92. అది డిసెంబరుతో అయిపోతుంది, కొత్తది తేవాలి.