పదిహేను నిమిషాలు

"మోటారు ఎన్ని గంటలకు వేశావు?" అని మా డయాలిసిస్ యూనిట్‌లోని మలయాళీ సీనియర్ సిస్టర్ అడిగేసరికి నా పెన్ను ఇంకా రిజిస్టరు మీదే ఉంది. అయిదున్నరకు వేశాను. వేసిన వెంటనే నీళ్లు పట్టి, పరీక్ష చేసి, క్లోరిన్ సున్నా అని రాసేశాను. ఆవిడ ఆ అంకె కొట్టేసి, వచ్చి కూర్చున్న నలుగురు రోగులను ఆగమని చెప్పి, పదిహేను నిమిషాలు నీళ్లు పారనిచ్చి మళ్లీ నాచేతే పట్టించింది. రెండోసారీ సున్నాయే వచ్చింది. అయినా ఆవిడ ముఖం మారలేదు.

నేను మస్కట్ వచ్చి ఏడాదిన్నర. అంతకుముందు ఆరేళ్లు తిరుపతిలో ఇదే పని. ఆ రోజంతా మనసులో ఆవిడతో వాదిస్తూనే ఉన్నాను. మే నెలలో ట్యాంకరు కోసం ఎదురుచూస్తూ, పీలేరు నుంచీ శ్రీకాళహస్తి నుంచీ తొలి బస్సుకు వచ్చినవాళ్లను వరండాలో కూర్చోబెట్టి యూనిట్ నడపడమంటే ఏమిటో ఈవిడకు తెలుసా? మా టెక్నీషియన్ అన్న ఇంటికి వెళ్లకుండా రాత్రిపూట, నీళ్లలోని క్లోరిన్‌ను పట్టే కార్బన్ ట్యాంకుల్లో నీళ్లు ఎదురు పారించి కడిగేవాడు. మాకు శ్రద్ధ లేదంటే ఇప్పటికీ ఒప్పుకోను.

కానీ ఆవిడ ప్రశ్నకు ఇందులో జవాబు లేదు. రాత్రంతా కార్బన్‌లో నిలిచిన నీటిలో క్లోరిన్ కనబడదు. అసలు సంగతి నీళ్లు పారడం మొదలయ్యాకే బయటపడుతుంది. నాలుగు గంటల డయాలిసిస్‌లో ఒక మనిషి రక్తానికి పలుచటి పొర అవతలే ఈ నీళ్లతో చేసిన దాదాపు 120 లీటర్ల ద్రవం పారుతుంది. క్లోరిన్, అమ్మోనియా కలిసి ఏర్పడే క్లోరమైన్‌ను కార్బన్ తర్వాతి ఆర్వో వడపోత పూర్తిగా ఆపలేదు. అది రక్తంలోకి చేరితే ఎర్రకణాలు పగిలిపోతాయి. అందుకే నీళ్లలో మొత్తం క్లోరిన్ లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించకూడదని, ప్రతి షిఫ్టుకూ ముందు చూడాలని నియమం. తిరుపతిలో ట్యాంకరు మారితే క్లోరిన్ మోతాదూ మారేది. ఆ పదిహేను నిమిషాల అవసరం ఇక్కడికన్నా అక్కడే ఎక్కువ. ఆరేళ్లలో ఎన్ని ఉదయాలు నిలవ నీళ్లకు సున్నా రాశానో!

మా చిన్నాన్న ఇప్పుడు అక్కడే ఒక యూనిట్‌లో వారానికి రెండుసార్లు డయాలిసిస్ చేయించుకుంటున్నాడు. రాత్రి ఫోను చేసి, "నీళ్లు ఎప్పుడు పరీక్షిస్తారో అడుగు చిన్నాన్నా" అన్నాను. "ప్రాణం నిలబెడుతున్నవాళ్లను అలా అడిగితే ఏం బాగుంటుందమ్మా" అన్నాడు. మర్నాడు పిన్నే అడిగింది. పరీక్ష పట్టీలు అయిపోయి పది రోజులైందని, ఇండెంట్ పెట్టామని చెప్పారట.

మా గదిలో ఉండే చంద్రగిరి అమ్మాయి శుక్రవారం సెలవుకు వెళ్తోంది. గడువు తేదీ చూసి రెండు డబ్బాల పట్టీలు కొని ఆమె పెట్టెలో సర్దాను. డబ్బా మీద కాగితం అంటించి తెలుగులో రాశాను: మోటారు వేసిన పదిహేను నిమిషాల తర్వాత.