నా యాప్, నా పద్దులు

ఇంటి ఖర్చులు రాసుకోవడానికి ఒక చిన్న యాప్ తయారు చేశాను. విడుదల చేసే ముందు వందసార్లయినా పరీక్షించి ఉంటాను. నా సొంత ఖర్చులు మాత్రం పాత అలవాటు కొద్దీ నోటు పుస్తకంలోనే రాసుకునేవాణ్ణి. ఒకరోజు మా ఆవిడ అది చూసి, "మీరు చేసిన యాప్ మీకే పనికిరాదా?" అంది. జవాబు తోచక ఆ పూటే పుస్తకం మూసేశాను.

మొదటి వారం బాగానే గడిచింది. మూడు నెలలయ్యేసరికి పద్దులు నాలుగు వందలు దాటాయి. అసలు సంగతి అప్పుడు బయటపడింది. యాప్ తెరిచిన ప్రతిసారీ జాబితా మొట్టమొదటి పద్దు దగ్గరే మొదలవుతోంది. నిన్న రాసింది చూడాలంటే వేలు నొప్పి పుట్టేదాకా తెరను జరుపుకుంటూ పోవాలి. పరీక్షించేటప్పుడు నేను వేసుకునేవి ఐదారు పద్దులే, అదీ ఉత్తుత్తివి. అన్నీ ఒక్క తెరలో ఇమిడిపోయేవి. ఇక తప్పు కనబడేదెలా?

ఇంకొకటి మరీ సిగ్గుచేటు. దుకాణంలో ఒక చేత సంచి, ఇంకో చేత ఫోను పట్టుకుని పద్దు రాస్తే, 'భద్రపరచు' బటన్ కీబోర్డు కింద దాక్కుంది. బల్ల ముందు తీరిగ్గా కూర్చుని రెండు చేతులతో నొక్కి చూసిన మహానుభావుడికి (నాకే) అది పట్టలేదు.

తాము చేసినదాన్ని తామే వాడి చూసుకున్నవాళ్లు ఇదివరకే ఉన్నారు. ప్రోగ్రామర్ లినస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్ 3న గిట్ (కోడులో చేసిన మార్పులన్నీ దాచిపెట్టే సాధనం) రాయడం మొదలుపెట్టి, 7వ తేదీకల్లా గిట్ కోడును గిట్‌లోనే దాచడం మొదలుపెట్టారు. మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఎన్‌టీ (కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) బృందం కూడా అది పూర్తిగా కుదుటపడకముందే తమ కంప్యూటర్లలో దాన్నే వాడుతూ దాన్ని తయారు చేసింది. అది మొరాయిస్తే ముందుగా ఆగేది వాళ్ల పనే. అలాంటప్పుడు మరమ్మతును వచ్చే నెలకు తోసేయడానికి ఎవరికి మనసొప్పుతుంది?

నాకు ఒప్పింది. జాబితాను వెంటనే సరిచేశాను గానీ బటన్ సంగతి తర్వాత చూద్దామనుకున్నాను. రెండు వారాలు తిరిగేసరికి నా బొటనవేలు ముందు కీబోర్డు మూసి, ఆపైన బటన్ నొక్కడం దానంతటదే నేర్చేసుకుంది. తప్పు అక్కడే ఉంది, చిరాకు మాత్రం పోయింది. మా ఆవిడ తన ఫోనులో యాప్ వేసుకుని, "భద్రపరచడానికి ఏం నొక్కాలి?" అని అడిగేదాకా నాకది గుర్తే లేదు.

ఇప్పుడు విసుగు పుట్టిన క్షణంలోనే అది ఎక్కడ, ఎందుకు పుట్టిందో రాసి పెట్టుకుంటున్నాను. ఆ పాత నోటు పుస్తకంలోనే.