నలుపుతో మొదలై నీలంతో ముగిసే రోడ్డు

డెట్రాయిట్ నది ఒడ్డున మొదలై వాయవ్యంగా పాంటియాక్ ఊరి దాకా పోయే రోడ్డు పేరు ఉడ్‌వర్డ్ అవెన్యూ. ఏటా ఆగస్టు మూడో శనివారం దాని మీద పాత కార్ల జాతర జరుగుతుంది. 1995లో ఫెర్న్‌డేల్ ఊరివాళ్లు సాకర్ మైదానానికి డబ్బులు పోగెయ్యడానికి మొదలుపెట్టిన ఊరేగింపు ఇది. ఇప్పుడు ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా సుమారు 16 మైళ్లు బారులు తీరుతుంది. చాలామంది ఇంజన్ల మోత కోసం వస్తారు. మేం వెళ్లింది రంగులు చూడ్డానికి. 1964 నుంచి 1974 దాకా వచ్చిన మజిల్ కార్లలో (మామూలు కారు ఒంట్లో పెద్ద ఇంజన్ పెట్టిన బళ్లు) ఒకే మోడల్, ఒకే ఇంజన్ ఉన్న రెండు బళ్లకి ధరలో అంత తేడా ఎందుకొస్తుందో తెలియాలంటే బానెట్ ఎత్తకముందే కారు చుట్టూ ఒకసారి తిరగాలి.

బస ట్రాయ్‌లో. ఆ చుట్టుపక్కల ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్‌లో కార్ల కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి భోజనానికి లోటు లేదు. శుక్రవారం పొద్దున్నే దక్షిణానికి దిగి హైలాండ్ పార్క్ నుంచి మొదలుపెట్టాం. ఫోర్డ్ మోడల్ టీ ఫ్యాక్టరీ అక్కడే, ఉడ్‌వర్డ్ మీదే ఉంది. 1913లో కదిలే అసెంబ్లీ లైను వచ్చింది ఇక్కడే. 1914 నుంచి 1925 దాకా మోడల్ టీ నలుపులో తప్ప దొరకలేదు. అంతకుముందు ఎరుపు, ఆకుపచ్చ, బూడిద రంగుల్లోనూ వచ్చేది. చౌక, గట్టితనం, ఒకే రకం సరుకుతో లైను నడిపే వీలు: ఈ మూడిటి కోసం రంగుల్ని పక్కన పెట్టారు. ఇప్పుడక్కడ చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. ఇటుక గోడలు, ఒక చారిత్రక ఫలకం, అంతే.

అక్కడికి దగ్గర్లోనే హామ్‌ట్రామ్క్. డాడ్జ్ చాలెంజర్లు, ప్లిమత్ బరకూడాలు తయారైన డాడ్జ్ మెయిన్ ఫ్యాక్టరీ అక్కడ ఉండేది. దాన్ని పడగొట్టిన చోట ఇప్పుడు జనరల్ మోటర్స్ వాళ్ల ఫ్యాక్టరీ ఉంది. పాత ఫ్యాక్టరీల స్ప్రే బూతుల్లో కొక్కేల మీద, పట్టాల మీద ఏళ్ల తరబడి పొర మీద పొరగా పేరుకుని, ఓవెన్లో పదే పదే కాలి, రాయిలా గట్టిపడిన రంగు ముద్దల్ని కోసి సానపట్టి లాకెట్లుగా అమ్ముతారు. పేరు ఫోర్డైట్. అడ్డంగా కోసిన ఒక ముక్కలో నేరేడు రంగు, నారింజ, చిలకపచ్చ పక్కపక్కనే కనిపిస్తే అది ఏ కాలం నాటిదో ఇట్టే చెప్పొచ్చు.

ఆ నేరేడు రంగు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. క్రైస్లర్ కంపెనీ 1969, 70, 71 ప్రాంతంలో 'హై ఇంపాక్ట్' పేరుతో కళ్లు జిగేల్‌మనే రంగులు తెచ్చింది. ఒకే రంగుని ఆ కంపెనీ బ్రాండ్లే అయిన డాడ్జ్ ఒక పేరుతో, ప్లిమత్ ఇంకో పేరుతో అమ్మేవి. ఎఫ్‌సీ7 అనే నేరేడు రంగు డాడ్జ్‌కి ప్లమ్ క్రేజీ, ప్లిమత్‌కి ఇన్-వయొలెట్. ఎఫ్‌జే5 అనే చిలకపచ్చ ఒకచోట సబ్‌లైమ్, ఇంకోచోట లైమ్‌లైట్. ఎఫ్‌ఎం3 అచ్చంగా మన రాణీ కలరు. దాని పేర్లు పాంథర్ పింక్, మూలాన్ రూజ్. ఈకే2ని డాడ్జ్ వాళ్లు గో మ్యాంగో అన్నారు గానీ అందులో బంగినపల్లి పసుపు వెతక్కండి, అది నారింజ. 1970లో ఈ రంగులకి అదనంగా కట్టాల్సింది పదిహేను డాలర్ల లోపే. ఈ రోజు ఆ కోడు కారుతోపాటు పుట్టిందని రుజువైతే పలికే తేడా వేల డాలర్లలో ఉంటుంది.

అసలు మెలిక ఆ 'రుజువైతే' దగ్గరే ఉంది. శనివారం రాయల్ ఓక్‌లో '13 మైల్ రోడ్డు' అనే వీధి దగ్గర, దుకాణాల ముందు పార్కింగ్ స్థలాల్లో ప్లమ్ క్రేజీ చాలెంజర్లు గంటకి ఎన్ని లెక్కపెట్టామో! అన్నీ ఆ రంగుతోనే ఫ్యాక్టరీ దాటి ఉంటే డాడ్జ్ ఇంకే రంగూ వెయ్యనట్టే. మన దగ్గర రంగు ఆర్సీలో రాసి ఉంటుంది. వీటికి బానెట్ ఎత్తితే డ్రైవరు వైపు మడ్‌గార్డు లోపలి రేకు మీద చిన్న పలక ఉంటుంది. దాన్ని కింది వరుస నుంచి పైకి చదవాలి. కింది వరుసల్లోనే బండి నంబరు, ఇంజన్, గేర్‌బాక్సు, రంగు, సీట్ల కోడులు ఉంటాయి. ఇంజన్ కోడు ఈ74 ఉంటే అది 426 హెమీ అనే పెద్ద ఇంజన్. రంగు కోడు స్థానంలో 999 ఉంటే ప్రత్యేకంగా ఆర్డరిచ్చిన రంగు.

ఈ పలకని పట్టి ఉంచేవి రెండే రెండు స్క్రూలు. విప్పి ఇంకోటి బిగించడం నిమిషం పని, కొత్తగా అచ్చుకొట్టిచ్చే వాళ్లూ ఉన్నారు. అందుకే పలక చూసి ఆగకూడదు. 1968 నుంచి క్రైస్లర్ బళ్లకి రేడియేటర్‌ని మోసే రేకు మీద, ముందద్దం కింది రేకు (కౌల్) దగ్గర బండి నంబరు చివరి భాగాన్ని గుద్దేవారు. పలక మీది నంబరు, డాష్‌బోర్డు మీది నంబరు, ఒంటి మీది ముద్రలు అన్నీ ఒకటి కావాలి. బిల్డ్ షీట్, అంటే ఆ బండికి ఏమేం బిగించాలో ఫ్యాక్టరీలో రాసిన కాగితం, దొరికితే ఇంకా మేలు. సీటు స్ప్రింగుల్లో, కార్పెట్ కింద, గ్లవ్ బాక్సు పైన ఎలుకలు కొరకగా మిగిలిన కాగితంగా అది బయటపడుతుంటుంది. షెవర్లేల్లో చాలాసార్లు పెట్రోలు ట్యాంకు పైభాగాన దొరుకుతుంది.

మిగతా కంపెనీలకి దారులు వేరు. ఫెర్న్‌డేల్‌లో '9 మైల్ రోడ్డు' అనే వీధి పొడవునా ఫోర్డ్ మస్టాంగులే నిలబెట్టారు. 1970 బాస్ 302 రకం మస్టాంగులు గ్రాబర్ బ్లూ, గ్రాబర్ ఆరెంజ్, గ్రాబర్ గ్రీన్ రంగుల్లో ఉన్నాయి. తలుపు అంచు మీది గుర్తింపులో రంగు కోడు ఒకే అక్షరం, గ్రాబర్ బ్లూకి 'జే'. తలుపు మారిపోయి ఉండొచ్చు కాబట్టి మార్టీ రిపోర్టు తెప్పించుకోవాలి. ఫోర్డ్ ఉత్పత్తి రికార్డుల నుంచి తీసే ఆ రిపోర్టు 1967 నుంచి వచ్చిన బళ్లకి దొరుకుతుంది. ఆ రంగులో, ఆ ఇంజన్‌తో ఎన్ని తయారయ్యాయో కూడా అంకె ఇస్తుంది. చాలా కార్ల ముందు ఈ రిపోర్టుకి ఫ్రేము కట్టి పెట్టడం చూశాం. పాంటియాక్ బళ్లకి పీహెచ్ఎస్ అనే సంస్థ అసలు ఇన్‌వాయిస్ నకలు ఇస్తుంది. మామూలు షెవర్లేల దగ్గరే ఇబ్బంది. వాటికి అలాంటి రికార్డు లేదు, బానెట్ కింద ఫైర్‌వాల్ (ఇంజన్ గదికీ కారు లోపలికీ మధ్య రేకు) మీది పలకే దిక్కు. 1969 కమారో మీద '72 72' అని ఉంటే కిందా పైనా హగ్గర్ ఆరెంజ్. '72 బి' ఉంటే పైన నల్ల వినైల్ టాప్, అంటే కప్పు మీద ప్లాస్టిక్ తొడుగు. వినైల్ టాప్ ఉన్న బండికి వెనకద్దం అంచుల్లో వేలితో నొక్కి చూడండి. తడి లోపల చిక్కి తుప్పు మొదలయ్యేది అక్కడే.

కాగితాలు సరిపోయాయనుకుందాం. రంగు నిజంగా ఎప్పటిది? దీనికి రోడ్డు పక్కనే చేసుకోదగ్గ పరీక్షలు కొన్ని ఉన్నాయి. బండి యజమాని ఒప్పుకుంటేనే సుమా.

మొదటిది మందం కొలిచే మీటరు. ఫ్యాక్టరీ రంగు మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు చూపిస్తుంది. దాని మీదే ఇంకోసారి కొడితే 200, 300 దాకా పోతుంది. 500 దాటిందంటే కింద పుట్టీ ఉన్నట్టే అనుకోవాలి. ఒక్క అంకె చూసి తీర్పు చెప్పొద్దు. తలుపు కింది భాగం, వెనక చక్రం మీది వంపు, డిక్కీ అంచు, బానెట్ మధ్య, ఇలా కనీసం ఇరవై చోట్ల చూడాలి. కొర్వెట్ ఒళ్లు ఫైబర్‌గ్లాస్ కాబట్టి ఈ మీటరు దాని మీద పనిచెయ్యదు. రెండోది తెల్లగుడ్డ. కొంచెం పాలిష్ అద్ది ఒక మూల రుద్దితే గుడ్డకి కారు రంగు అంటాలి. అంటితే పైన క్లియర్ (రంగులేని మెరుపు పొర) లేని సింగిల్ స్టేజ్ రంగు. అంటకపోతే ఈమధ్య వేసిన బేస్, క్లియర్ పొరలు. ఆ కాలంలో క్లియర్ కోటు లేదు. జనరల్ మోటర్స్ అక్రిలిక్ లక్కర్ కొట్టేది, ఫోర్డ్, క్రైస్లర్ ఎనామిల్ వాడేవి. లక్కర్ అయితే లక్కర్ థిన్నర్ తడిపిన గుడ్డకే కరిగి వచ్చేస్తుంది, అందుకే ఆ పరీక్ష బయటికి కనపడని చోటే చెయ్యాలి.

మూడో పరీక్షకి పరికరమే అక్కర్లేదు, గోరు చాలు. పాత కార్ల చారలు, డెకాళ్లు (స్టిక్కర్లు) రంగు పైన ఉంటాయి, అంచు గోరుకి తగులుతుంది. చార మీద క్లియర్ కొట్టి గాజులా నున్నగా పాతిపెట్టారంటే అది ఈ కాలపు పని. చూడ్డానికి బాగుంటుంది, కానీ 1970లో ఏ ఫ్యాక్టరీ నుంచీ అంత నున్నగా ఏ బండీ రాలేదు. ఫ్యాక్టరీ రంగుకి నారింజ తొక్కలాంటి గరుకు ఉండేది, గుంటల్లో పలచగా ఉండేది, కొన్నిచోట్ల కారేది. నిపుణులు మార్కులేసే ప్రదర్శనల్లో ఆ లోపాల్ని కూడా తిరిగి సృష్టించినవాళ్లే గెలుస్తారు. అద్దంలా మెరిసే బండి జనాన్ని ఆపుతుంది, మార్కుల దగ్గర వెనకబడుతుంది.

రంగు మార్చిన బండిని పట్టించేది బయటి ఒళ్లు కాదు. డాష్ కింద, తలుపు అట్ట వెనక, వెనకసీటు కింద, వెనకద్దం కింది అర దగ్గర పాత రంగు మిగిలిపోతుంది. కమారో, మస్టాంగుల ఇంజన్ గది నలుపు. రంగు మార్చినా అక్కడ ముట్టుకోనక్కర్లేదు. క్రైస్లర్ బళ్లలో ఇంజన్ గది కూడా ఒంటి రంగే. సరిగ్గా మార్చాలంటే ఇంజన్ దించి, వైర్లు, బ్రేకు పైపులు అన్నీ విప్పాల్సిందే. ఆ ఖర్చు తప్పించుకున్నవాళ్ల బానెట్ ఎత్తగానే బయట నేరేడు, లోపల బాటిల్ గ్రీన్. రాయల్ ఓక్‌లో మధ్యాహ్నంలోపే అలాంటివి రెండు కనపడ్డాయి.

ఇంతకీ ముదురు ఆకుపచ్చతో పుట్టిన బండిని ఏం చెయ్యాలి? వారాంతాల్లో తిప్పుకునే, ఇంజన్ మారిపోయిన మామూలు బండికి ఎర్రగానో నారింజగానో రంగు కొడితే తొందరగా అమ్ముడుపోతుంది, అందులో తప్పులేదు. అసలు ఇంజన్, అసలు గేర్‌బాక్సు, కాగితాలు అన్నీ ఉన్న బండికైతే ఆ ఆకుపచ్చే వెయ్యాలి. దాన్ని ప్లమ్ క్రేజీ చేసినవాడు వేల డాలర్లు పెట్టి బండి విలువ తగ్గించుకున్నట్టే. పలక మీద ఒకటి, ఒంటి మీద ఒకటి ఉంటే కొనేవాడు తిరిగి మార్చే ఖర్చుని ముందే తీసేసి బేరం మొదలెడతాడు. గోధుమ, లేత ఆకుపచ్చ లాంటి మందకొడి రంగులకీ ఇప్పుడు అడిగేవాళ్లున్నారు. అవన్నీ ఎర్రబడిపోగా మిగిలినవి తక్కువ మరి. ఇంజన్ మరీ అరుదైతే రంగు వెనక్కి పోతుంది. 2014లో సియాటిల్ వేలంలో 35 లక్షల డాలర్లు పలికిన 1971 ప్లిమత్ హెమీ 'కూడా' (బరకూడాకి పొట్టి పేరు) కన్వర్టిబుల్ రంగు నీలం, కోడు బీ5. ఆ బళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి. అది ఏ రంగులో ఉన్నా వేలం హాలు నిండేది.

రంగు వేసే పనిలో ఎక్కడ బెడిసికొడుతుందో కూడా ఆ పార్కింగ్ స్థలంలోనే పాఠంలా కనిపించింది. పాత లక్కర్ మీద ఈ కాలపు యూరిథేన్ రంగు కొడితే కింది సన్నపగుళ్లు ఏడాది తిరక్కముందే పైకి తేలతాయి. రేకు కనపడేదాకా గీకాలి. తర్వాత ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు, మందపాటి ప్రైమర్ రెండు మూడు కోట్లు. పైన నల్లపొడి పట్టించి పొడవాటి చెక్కతో 180, 320, ఆఖర్న 600 వాటర్ పేపర్ దాకా రుద్దాలి. నలుపు వేసే బండికి ఈ రుద్దుడు రెట్టింపు, ఎందుకంటే నలుపు ప్రతి అలనీ చూపిస్తుంది. పసుపు, నారింజ రంగులకి కప్పే గుణం తక్కువ. కింద నల్లటి ప్రైమర్ ఉంటే నాలుగు కోట్లకీ మచ్చ పోదు, తెల్లటి ప్రైమర్ మీద కొట్టాలి. ప్లమ్ క్రేజీ లాంటి మెటాలిక్‌లో ఇంకో చిక్కుంది. తలుపుల్ని బల్ల మీద పడుకోబెట్టి, ఒంటిని నిలబెట్టి కొడితే మెరుపు పొడి వేరేగా సర్దుకుని రెండూ రెండు ఛాయలవుతాయి. తడిగా కొడితే ముదురు, పొడిగా కొడితే లేత. కాబట్టి విడి భాగాలన్నిటినీ కారు మీద ఉన్న కోణంలోనే వేలాడదియ్యాలి. కోటుకీ కోటుకీ మధ్య పది పదిహేను నిమిషాలు ఆగకపోతే లోపల చిక్కిన థిన్నర్ సూదిమొన బుడగలై పేలుతుంది, లేదా నెల తర్వాత మెరుపు చచ్చిపోతుంది. మొత్తం రంగు మార్చడానికి బేస్ సుమారు ఒక గ్యాలన్, ఇంజన్ గది కూడా ఉంటే ఒకటిన్నర పడుతుంది. ఒకే బ్యాచ్‌లో కలిపించుకోవాలి. ఆనాటి పసుపు, నారింజల్లో సీసం ఉండేది కాబట్టి గీకేటప్పుడు పొడి రేపకండి. యూరిథేన్‌లోని ఐసోసయనేట్ అనే విష రసాయనానికి గుడ్డ మాస్కు చాలదు, గొట్టంతో బయటి గాలి అందించే మాస్కు కావాలి.

బర్మింగ్‌హామ్ దాటాక రద్దీ తగ్గింది. సాయంత్రానికి పాంటియాక్ చేరాం. మోడల్ టీ నలుపులోనే వస్తున్న రోజుల్లో, ఈ రోడ్డు ఈ చివర ఓక్‌లాండ్ కంపెనీ 1924 మోడల్ కార్లకి డ్యూపాంట్ వాళ్ల డ్యూకో లక్కర్ కొట్టి 'ట్రూ బ్లూ' అని అమ్మింది. రోజుల తరబడి ఆరాల్సిన రంగు గంటల్లో ఆరడంతో అందరికీ రంగుల దారి తెరుచుకుంది. ఆ ఓక్‌లాండ్ కంపెనీ కడుపున పుట్టిందే పాంటియాక్ కారు. 1969 పాంటియాక్ జీటీఓ జడ్జ్ మోడల్ మొదటి రెండువేల బళ్లు కేరొసెల్ రెడ్ రంగులోనే వచ్చాయి. పేరుకి రెడ్ గానీ అది కనకాంబరం రంగు, కోడు 72. షెవర్లే హగ్గర్ ఆరెంజ్ అని అమ్మిందీ దాన్నే.

పెట్రోలు బంకు దగ్గర అలాంటి జడ్జ్‌లు రెండు పక్కపక్కన ఆగాయి. పొద్దుండగా కవలల్లా ఉన్నాయి. చీకటిపడి బంకు కప్పు కింది దీపాలు వెలగ్గానే ఒకటి కనకాంబరంగానే ఉంది, రెండోది ఇటుక రంగుకి తిరిగింది. సీసం లేని కొత్త పిగ్మెంట్లతో కలిపిన రంగు ఎండలో సరిపోయినా దీపాల కింద సరిపోకపోవచ్చు. బానెట్లు రెండూ ఎత్తే ఉన్నాయి. పలకలు రెండిటి మీదా 72 అనే ఉంది.